గుండె ఆపరేషన్‌లో మెదడు దెబ్బను రక్తంలో ఎలా పట్టుకోవాలి

నేను హైదరాబాద్‌లో హార్ట్-లంగ్ మెషిన్ నడిపే పెర్ఫ్యూజనిస్టుని. మెదడు దెబ్బతింటే దాని కణాల్లోని కొన్ని ప్రొటీన్లు రక్తంలోకి వస్తాయి, వాటినే కొలుస్తాం. ఆపరేషన్ థియేటర్‌లో కొత్తగా పనికి చేరే పిల్లలకు మొదట చెప్పేది ఇదే: కోత పెట్టకముందే ఒక రక్తం శాంపిల్ తీయండి. అది లేకపోతే తర్వాత వచ్చే అంకెలను దేనితో పోలుస్తారు?

ఆ ప్రొటీన్లలో ఒకటైన ఎస్100బి దగ్గర చాలా జాగ్రత్త. అది మెదడులోనే కాదు, కొవ్వులోనూ ఉంటుంది. ఛాతీలోంచి సక్షన్‌తో లాగిన రక్తాన్ని మళ్లీ మెషిన్‌లోకి పంపితే, మెదడుకేమీ కాకపోయినా అంకె పెరుగుతుంది. అందుకే బైపాస్ అయిన వెంటనే, అంటే హార్ట్-లంగ్ మెషిన్ ఆపగానే, వచ్చిన రిపోర్ట్ చూసి ఇంటివాళ్లను టెన్షన్ పెట్టకండి. మర్నాడు, ఆ పైరోజు మళ్లీ తీయండి. తగ్గాల్సింది తగ్గకపోతే అప్పుడు అనుమానించాలి.

ఎన్‌ఎస్‌ఈ అనే మరో ప్రొటీన్ నాడీకణాల్లోనే కాదు, ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది, మెషిన్ పంపులో ఆ రక్తకణాలు కొన్ని పగులుతాయి. సీరం, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరయ్యే ద్రవం, గులాబీ రంగుకు తిరిగితే ఆ అంకెను నేను నమ్మను. ట్యూబును గంటలోపే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పించండి. పంజాగుట్ట ట్రాఫిక్ దాటి బయటి ల్యాబ్‌కి వెళ్లాల్సి ఉంటే, సీరం వేరు చేశాకే పంపండి.

ఇలాంటివే ఇంకో రెండు ప్రొటీన్లున్నాయి. జీఎఫ్ఏపీ మెదడుకు మరింత దగ్గరి గుర్తు. ఎన్‌ఎఫ్‌ఎల్ రోజుల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది.

మెలకువ వచ్చాక పేషెంట్ కాళ్లూ చేతులూ కదపడంలో, మాటలో తేడా కనిపిస్తే మాత్రం ఏ రిపోర్ట్ కోసమూ ఆగొద్దు. వెంటనే న్యూరాలజిస్టును పిలిచి స్కాన్ తీయించండి.