వార్డులో పుట్టిన ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ పరిశోధన పాఠాలు – 3

డ్యూటీలో "ఇది ఇలాగే ఎందుకు చేస్తున్నాం?" అనిపించిన ప్రతిసారీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఈసారి అందులోంచి ఒక్కదాన్ని తీసుకుని, వెతకడానికి వీలైన ప్రశ్నగా మార్చుకుందాం.

ముందు నా నోట్‌బుక్ తెరుస్తాను. కర్నూలులో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, ఏప్రిల్ నెల, మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెయ్యి చూపించి "సిస్టరమ్మా, సుర్రుమంటాంది" అన్నాడు. కాన్యులా, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం, వేసింది నిన్ననే. అయినా చుట్టూ ఎర్రబడింది, నరం వెంబడి గట్టిగా తగులుతోంది. పక్క మంచం ఆవిడ చెయ్యి శుభ్రంగా ఉంది. కానీ మూడు రోజులైందని ఆ కాన్యులా తీసేసి, కొత్త నరం కోసం మూడుసార్లు పొడిచాం. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రాత్రి రాసుకున్నాను: "రోజులు లెక్కపెట్టి మార్చాలా, చెయ్యి చూసి మార్చాలా?"

థీసిస్ అనగానే చాలామంది సీనియర్ల పాత టైటిల్స్ తిరగేస్తారు. ఒక బోధనా కార్యక్రమం, ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష. పాఠం చెప్పిన వెంటనే మార్కులు పెరుగుతాయని మొదలుపెట్టకముందే తెలుసు. రోగికి ఏం మారిందో మాత్రం తెలియదు. మీ రెండేళ్ళ శ్రమ అలా పోకూడదని నా కోరిక.

ఇప్పుడు ప్రశ్నకు పికో చట్రం వేద్దాం, అంటే ప్రశ్నను నాలుగు భాగాలుగా విడగొడదాం. ఎవరు: చేతికి కాన్యులా ఉన్న పెద్దవయసు రోగులు. ఏం చేస్తాం: అవసరమైనప్పుడే మార్చడం. దేనితో పోలుస్తాం: మూడు రోజులకొకసారి తప్పకుండా మార్చడం. ఏం చూస్తాం: ఫ్లెబైటిస్, అంటే నరం వాపు. ఈ చివరిదాని దగ్గర ఆగండి. "వాపు" అని రాసి వదిలేస్తే మీకు కనిపించింది ఇంకొకరికి కనిపించదు. అందుకే విప్ స్కోరు వాడతారు, అంటే కాన్యులా చోటు చూసి నరం వాపుకు వేసే అంకె. ఇది 0 నుంచి 5 దాకా ఉంటుంది. నొప్పి, ఎరుపు, వాపు, ఈ మూడింటిలో రెండు ఉంటే స్కోరు 2. అక్కడికే కాన్యులా తీసి వేరేచోట వేయాలి.

వెతకడానికి పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధన వ్యాసాల వెబ్‌సైట్ చాలు, ఉచితం. నేను మొదటిసారి "కాన్యులా" అని మాత్రమే టైప్ చేశాను. చాలా వ్యాసాలు తప్పిపోయాయి, ఎందుకంటే మనం కాన్యులా అనేదాన్ని ఎన్నో పేపర్లు "పెరిఫెరల్ ఇంట్రావీనస్ క్యాథెటర్" అంటాయి. పోనీ "క్యాథెటర్" ఒక్కటే కొడితే మూత్రం పైపుల మీద పేపర్లు కూడా వచ్చి పడతాయి. కాబట్టి ఒకే అర్థమున్న మాటలను బ్రాకెట్లో పెట్టి మధ్యలో "ఆర్" రాయండి. వేరే భావాన్ని "ఆండ్"తో కలపండి. రెండూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే టైప్ చేయాలి. కొట్టిన ప్రతి వరసనూ, తేదీనీ, వచ్చిన పేపర్ల సంఖ్యనూ నోట్‌బుక్‌లో రాసుకోండి. థీసిస్ చేయించే గైడ్ అడిగే రోజు వస్తుంది.

అలా వెతికితే 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్ దొరుకుతుంది. క్వీన్స్‌లాండ్‌లోని ఆసుపత్రుల్లో 3,283 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మూడో రోజున మార్చారు, ఇంకో గుంపుకు అవసరమైతేనే. రెండింటిలోనూ ఫ్లెబైటిస్ 7 శాతమే.

అది చదివి నాకు చాలా సంతోషమేసింది. వెంటనే వార్డులో పద్ధతి మార్చేయాలనిపించింది. మా మేడమ్ ఒక్క మాట అడిగారు: "అవసరమైతేనే మార్చాలంటే, అవసరం వచ్చిందని ఎవరు చూస్తారమ్మా?" ఆ ట్రయల్‌లో రోజూ చెయ్యి చూసి రాసుకోవడానికి నర్సులున్నారు. మన వార్డులో రాత్రిపూట అన్ని మంచాలకూ ఒక్క సిస్టర్. ప్లాస్టర్ కింద ఏం జరుగుతోందో ఎవరూ చూడకపోతే, నాలుగో రోజుకూ ఐదో రోజుకూ పోయే కాన్యులా పెద్దాయన చెయ్యిలాగే అవుతుంది.

పేపర్ చదివాక "ఇది నిజమా?" అని ఒకసారి, "ఇది మా వార్డులో ఎలా జరగాలి?" అని ఇంకోసారి అడగాలని అప్పుడే నేర్చుకున్నాను. నా ప్రశ్న కూడా మారింది: ప్రతి షిఫ్టులో కేస్ షీట్ మీద విప్ స్కోరు రాస్తే, నరం వాపును స్కోరు 2 దగ్గరే పట్టుకోగలమా? అనంతపురంలోనో కడపలోనో ఉన్న మీరు కూడా మీ వార్డులో అడగగలిగిన ప్రశ్నే ఇది.

ఈ వారం పని: మీ నోట్‌బుక్‌లోని ఒక ప్రశ్నకు పికో నాలుగు భాగాలూ తెలుగులో రాయండి. తర్వాత ఒక్కో మాటకు పేపర్లలో వాడే రెండు మూడు ఇంగ్లీషు పేర్లు వెతికి పక్కన పెట్టండి. రోగుల దగ్గర వివరాలు మాత్రం ఇప్పుడే సేకరించకండి. ఊరికే చూసి రాసుకోవడానికైనా ముందు ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ, అనుమతి కావాలి. రోగి దగ్గర తీసుకునే అంగీకార పత్రాన్ని రోగికి అర్థమయ్యే తెలుగులో, అవసరమైతే ఉర్దూలో, కన్నడలో ఎలా రాయాలో నాలుగో పాఠంలో చూద్దాం.