ఆర్‌ఎస్ 245 కొనేముందు డిక్కీ అడుగున చూడండి

తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ పర్ఫార్మెన్స్ కారు కావాలంటే ఎక్కువగా చెన్నై, బెంగళూరు బళ్లే దిక్కు. ఎవరైనా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 (ఆక్టేవియాలోనే ఎక్కువ పవర్ ఉన్న మోడల్) అని చూపిస్తే వెనక బ్యాడ్జీ చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి, ఆ బ్యాడ్జీలు, బంపర్లు బయట కొని ఎవరైనా బిగించుకోవచ్చు. మన దేశానికి 2020లో తెచ్చినవి 200 మాత్రమే. ముందు ఆర్‌సీలో సీసీ చూడండి, 1984 ఉండాలి, మామూలు ఆక్టేవియా 1.8 లీటర్ పెట్రోల్‌కైతే 1798. కానీ అంతకుముందు వచ్చిన ఆర్‌ఎస్ 230కి కూడా 1984 సీసీయే, అసలు తిరకాసంతా ఇక్కడే. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెపినీ గుంతలో అతికించిన తెల్ల స్టిక్కర్ వెతకండి, దాని మీద ఛాసిస్ నంబరుతో పాటు ఇంజిన్ పవర్ కిలోవాట్లలో రాసుంటుంది: 245కి 180, 230కి 169. స్టిక్కర్ చించేసి ఉంటే నాకైతే అనుమానమే. బాడీ మీద కొట్టిన ఛాసిస్ నంబరు, స్టిక్కర్ మీదిది, ఆర్‌సీలోది అక్షరం అక్షరం కలవాలి. అదే నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత హిస్టరీ తీయించండి, ఓనర్‌ని వెంట తీసుకెళ్తే పని సులువు. ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి పాత ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), రేటు మాటలు ఆ తర్వాతే.