ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ – 5వ పాఠం: ఐదున్నర గంటల తేడా

మదర్‌బోర్డు గడియారంలో ఉన్నదాన్ని విండోస్ మన టైముగా చదువుతుంది; లినక్స్ దాన్నే యూటీసీ (ప్రపంచానికంతా ఒకటే మూల సమయం, మన టైముకి ఐదున్నర గంటలు వెనక) అనుకుని ఐదున్నర గంటలు కలిపేస్తుంది. అది సర్దడానికే పోయిన పాఠంలో సెట్-లోకల్-ఆర్టీసీ కమాండ్ చెప్పాను: 1 పెడితే బోర్డు గడియారంలో ఉన్నది మన టైమని, 0 పెడితే యూటీసీ అని లినక్స్‌కి చెప్తుంది (ఆర్టీసీ అంటే ఆ గడియారమే). అది చదివి కమాండ్ కొట్టాక లినక్స్ సరే, బాగున్న విండోస్‌లో కూడా టైము చెడిందని చాలామంది మొత్తుకుంటున్నారు. కొట్టే ముందు లినక్స్‌లో టైము సరిగ్గా ఉందో లేదో చూసుకోమన్నాను, ఆ ముక్క దాటేశారు. ఆ కమాండ్ ఒక్కటే ఇస్తే లినక్స్ తన దగ్గరున్న టైమునే తీసుకెళ్ళి మదర్‌బోర్డు గడియారంలో రాస్తుంది. అది అప్పటికే ఐదున్నర గంటలు ముందుంటే ఆ తప్పే బోర్డుకెక్కింది, విండోస్ పాపం ఉన్నది ఉన్నట్టు చదివింది.

ఇప్పటికే కొట్టినవాళ్ళు బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల తెర) మన టైము పెట్టి సేవ్ చేయండి, చాలు. ఇంకా కొట్టనివాళ్ళు ముందు అదే చేసి, తర్వాత లినక్స్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా కొట్టండి:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1 --అడ్జస్ట్-సిస్టమ్-క్లాక్

చివరి ముక్క ఉంటే టైము బోర్డు నుంచి లినక్స్‌కి వస్తుంది. ఆ తర్వాత ఉత్త టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి చూస్తే కింద పెద్ద హెచ్చరిక కూడా వస్తుంది. అందులో భయపెట్టేది ముఖ్యంగా ఎండాకాలం గడియారాలు జరుపుకునే దేశాల సంగతి. మన టైము కాకినాడకి దగ్గర్లో పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఏడాది పొడుగునా కదలదు.

ఇక నాకు ఒళ్ళు మండే పని ఒకటుంది. లినక్స్ ఐదున్నర గంటలు ముందు చూపిస్తోందని టైమ్ జోన్ కోల్‌కతా తీసేసి యూటీసీ పెట్టేవాళ్ళు! పెట్టగానే టైము సరిపోతుంది, నిజమే. బోర్డులో ఉదయం పది, తెర మీదా పది. నెట్ తగలగానే అసలు యూటీసీ వస్తుంది, తెల్లవారుజాము నాలుగున్నర. లినక్స్ గుండెకాయ కెర్నల్ ఊరుకోదు, 11 నిమిషాలకోసారి దాన్నే బోర్డులో రాస్తుంది. ఆనక విండోస్ తెరిస్తే అక్కడా నాలుగున్నరే. అప్పుడు బోర్డు మీది బ్యాటరీ పోయిందని సీఆర్2032 బిళ్ళ కొనుక్కొస్తారు. బ్యాటరీ పోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది గానీ లెక్కగా ఐదున్నర గంటలు తప్పదు. జోన్ ముట్టుకోకండి.

నెట్ ఉంటే సర్దుకుంటుంది కదా అంటారు. అంబాజీపేటలో కొబ్బరి కొట్టు అనుకోండి, తుఫానుకి నెట్ లేదు, లినక్స్ ఐదున్నర గంటలు ముందుంది. సాయంత్రం ఆరున్నర దాటాక కొట్టిన ప్రతి బిల్లుకీ రేపటి తేదీ పడుతుంది.

నా సొంత కంప్యూటర్‌లో మాత్రం విండోస్‌నే యూటీసీకి మార్చుకుంటాను, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఒక్క విలువ. కొట్టు కంప్యూటర్‌లో రిజిస్ట్రీ ముట్టుకోనిస్తారా?

సాధన: నెట్ తీసేసి, బయాస్‌లో రాత్రి ఎనిమిది పెట్టండి. సెట్-లోకల్-ఆర్టీసీ 0 ఉన్నప్పుడు, 1 ఉన్నప్పుడు రెండు సిస్టమ్‌లూ ఏ టైము, ఏ తేదీ చూపిస్తాయో ముందే కాగితం మీద రాసి, ఆ తర్వాతే ఆన్ చేయండి. 0, 1 మార్చిన ప్రతిసారీ బయాస్‌లో మళ్ళీ ఎనిమిది పెట్టాలి.