కణాల లెక్కలు, 4వ పాఠం: తేడా వస్తే కొత్త కణం ఉన్నట్టేనా?

కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి, ఈ పాఠం ఊరికే చదివితే వంటబట్టదు.

ఇంట్లో తూచిన ఉల్లిగడ్డ బస్తా కర్నూలు మార్కెట్ యార్డులో రెండు కిలోలు తక్కువ తూగిందనుకోండి. గొడవకు దిగేముందు రెండు కాటాలూ ఎంత అటూఇటూ చూపిస్తాయో కనుక్కోవాలి కదా, కణాల దగ్గరా అదే పని.

మ్యూవాన్ అంటే ఎలక్ట్రాన్ కంటే దాదాపు 207 రెట్లు బరువైన కణం. దాని అయస్కాంత బలాన్ని చెప్పే జి అనే సంఖ్య మామూలు లెక్కలో 2 రావాలి, కానీ శూన్యంలో పుట్టి మాయమయ్యే కణాల వల్ల ఇంకాస్త ఎక్కువ వస్తుంది, మనకింకా తెలియని కణం ఏదైనా ఉంటే దాని వాటా కూడా అందులోనే కలుస్తుంది. అందుకే ఇంత ఆశ.

ఇప్పుడు లెక్క. ఆ అదనంలో సగాన్ని పదివేల కోట్ల వంతుల్లో రాస్తారు, మనకు చివరి నాలుగంకెలు చాలు. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్, ఫెర్మిల్యాబ్ ప్రయోగశాలల కొలతలు కలిపితే 2061, ఎర్రర్ (అంటే అటూఇటూ ఎంత ఉండొచ్చో) 41. సిద్ధాంతం (అంటే తెలిసిన కణాలతో మాత్రమే వేసిన లెక్క) 1810, ఎర్రర్ 43. తేడా 251. ఎర్రర్లను నేరుగా కూడకండి (చాలామంది ఇక్కడే తప్పుతారు), వర్గాలు కూడి వర్గమూలం తీయండి: 59.4. 251ని దానితో భాగిస్తే 4.2 సిగ్మా, అంటే తేడా ఎర్రర్‌కు 4.2 రెట్లు. కొత్తది కనిపెట్టామనడానికి 5 కావాలి. అయినా లెప్టోక్వార్క్ అని, జెడ్ ప్రైమ్ అని ఊహించిన కొత్త కణాల మీద పరిశోధన పేపర్లు వచ్చిపడ్డాయి.

2025లో అదే లెక్క మళ్ళీ వేయండి. ప్రయోగం 2071.5, ఎర్రర్ 14.5, సిద్ధాంతం 2033, ఎర్రర్ 62. నాకు 0.6 వచ్చింది.

ఎవరు కదిలారో చూశారా? ప్రయోగం పది కదిలితే సిద్ధాంతం 223 కదిలింది! ఆ అదనంలో క్వార్కుల (ప్రోటాన్ లాంటివాటి లోపలుండే కణాల) వాటాను అంతకుముందు ఎలక్ట్రాన్‌ను దాని వ్యతిరేక కణం పాజిట్రాన్‌తో ఢీకొట్టే ప్రయోగాల డేటా నుంచి తీసేవారు, 2023లో రష్యాలోని నోవోసిబిర్స్క్ కొలత వచ్చాక ఆ డేటాలోనే పొత్తు కుదరలేదు, దాంతో స్థలకాలాన్ని గళ్ళుగా విడగొట్టి సూపర్‌కంప్యూటర్లతో చేసే లాటిస్ లెక్కను ఆధారం చేసుకున్నారు. అలాగని కొత్త కణం లేదని తేలిపోలేదు, సిద్ధాంతం ఎర్రరే పెరిగింది కాబట్టి చిన్న వాటా ఏదైనా అందులో దాక్కోవచ్చు. అయితే కొలతకూ సిద్ధాంతానికీ మధ్య ఖాళీకి సరిపడే కణాన్ని ఊహించడం తేలికే. అదే కణం వేరే కొలతలోనూ కనబడాలి, అప్పుడే నేను నమ్ముతాను.

ఇంటిపని: డబ్ల్యూ బోసాన్ (బలహీన బలాన్ని మోసే కణం) ద్రవ్యరాశి ఫెర్మిల్యాబ్‌లోని సీడీఎఫ్ ప్రయోగం 2022లో 80,433.5 (ఎర్రర్ 9.4) అంది, యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో జరిగే సీఎంఎస్ ప్రయోగం 2024లో 80,360.2 (ఎర్రర్ 9.9) అంది, రెండూ మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే. సిద్ధాంతం 80,357, ఎర్రర్ 6. ఒక్కోదాన్ని సిద్ధాంతంతో పోల్చండి, ఆ తర్వాత ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చండి. మూడో జవాబు చూశాక ఈ గొడవ కొత్త కణంతో తీరేదేనా అన్నది 5వ పాఠానికి రాసుకుని రండి.