గాలివానల కాలం మొదలయ్యేలోగా చూసుకోవాల్సినవి

గాలివాన అనగానే ముందు గుర్తొచ్చేవి కిటికీలు, పైకప్పు రేకులు, ఇంటి మీదకు వంగిన కొమ్మలు. అవన్నీ చూసుకోవాల్సినవే. నాకు అంతకన్నా ఎక్కువ బెంగ కరెంటు పోయిన తర్వాతి గంటల గురించి. చీకట్లో, కంగారులో, కాస్త వెలుతురు కోసమో ఫోను చార్జింగ్ కోసమో చేసే పనులు చాలాసార్లు గాలికన్నా పెద్ద ప్రమాదం తెచ్చిపెడతాయి. అందుకే ఇక్కడ రాసిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం కరెంటు గురించే. ఇవన్నీ ఆకాశం తేటగా ఉన్నప్పుడే చేసుకోవాల్సిన పనులు.

హెచ్చరిక వినడంతో మొదలుపెడదాం. 1859 అక్టోబరులో బ్రిటన్ తీరాన్ని ముంచెత్తిన తుపానులో రాయల్ చార్టర్ అనే ఓడ ఆంగిల్‌సీ దీవి దగ్గర బద్దలై నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. టెలిగ్రాఫ్ తీగలు అప్పటికే ఉన్నాయి. ఒక రేవులో గాలి లేచిన సంగతి మరో రేవుకు నిమిషాల్లో చేరవేయవచ్చు, కానీ ఆ పని చేసేవాళ్లే లేరు. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకు కెప్టెన్‌గా పనిచేసిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ ఆ లోటు గుర్తించి, 1861లో తీగల ద్వారా తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశాడు. ఇప్పుడు ఆ హెచ్చరిక నేరుగా మన ఫోనుకే వస్తోంది. ఈ కాలంలో మీ ప్రాంత వాతావరణ శాఖ పంపే సందేశాలు సైలెంట్‌లో పడి ఉండకుండా ఇవాళే ఒకసారి సెట్టింగ్స్ చూసుకోండి. ఫోను పనిచేయకపోతే వినడానికి బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి ఉంచుకోండి.

కొన్ని ఫోన్లలో గాలి పీడనాన్ని కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర పీడనం సగటున 1013 హెక్టోపాస్కల్స్. ఉష్ణమండలంలో ఇది రోజూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కువగానూ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తక్కువగానూ ఉంటుంది. కాబట్టి సాయంత్రం కాస్త తగ్గిందని హడలిపోనక్కర్లేదు. పెరగాల్సిన వేళలో కూడా గంటగంటకూ పడిపోతూ ఉంటే మాత్రం బయటి పనులు ముగించుకుని లోపలికి వచ్చేయండి. రోజూ ఒకే వేళకు ఆ అంకె చూసి రాసుకునే అలవాటు నాకు ఎంతో ఇష్టం. మామూలు రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే తేడా చప్పున కనిపిస్తుంది.

గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికి కదలని రేకు 120కి కూడా నిలబడుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. పైకప్పు ముందుగా లేచేది అంచుల దగ్గర, మూలల దగ్గర. బోల్టులు, స్క్రూలు అక్కడ వదులుగా ఉన్నాయేమో చూడండి. ఇంట్లో ఒత్తిడి సరిపోవాలంటే గాలివానలో కిటికీ ఒకటి తెరిచి ఉంచాలని కొందరు చెబుతారు. అది తప్పు. లోపలికి దూరిన గాలి కప్పును కిందినుంచి పైకి నెడుతుంది. తలుపులు, కిటికీలు అన్నీ మూసే ఉండాలి. తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, మీ మీదుగా పోతుంటే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆకాశం కూడా తేటపడవచ్చు. వెళ్లిపోయిందనుకుని బయటికి రాకండి. కాసేపటికి గాలి ఎదురు దిక్కునుంచి అంతే బలంగా తిరగబడుతుంది.

పిడుగుల విషయంలో లెక్క తేలిక. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ముప్పై సెకన్లలోపే వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్లలో ఉన్నట్టు, అంటే మీ దాకా రాగల దూరంలోనే ఉన్నట్టు. గోడలున్న ఇంట్లోకో, లోహపు పైకప్పున్న కారులోకో వెళ్లి అద్దాలు మూసుకోండి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రావద్దు. చెట్టు కింద, గోడల్లేని షెడ్డు కింద నిలబడకండి. కాళ్లకున్న రబ్బరు చెప్పులు పిడుగును ఆపలేవు. ఒకసారి పడినచోట మళ్లీ పడదన్నది కూడా వట్టి మాటే. అమెరికాలో రాయ్ సల్లివాన్ అనే అటవీ ఉద్యోగి 1942 నుంచి 1977 లోపు ఏడుసార్లు పిడుగుపాటుకు గురై ఏడుసార్లూ బతికాడు. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు. భయపడకుండా ముట్టుకోవచ్చు. శ్వాస ఆగితే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ముట్టుకుంటే మనకూ కొడుతుందేమోనని చూస్తూ నిలబడిపోతే ఆ మనిషిని చేతులారా పోగొట్టుకుంటాం.

టీవీ, రూటర్, కంప్యూటర్ ప్లగ్గులు ఉరుములు మొదలవకముందే పీకేయండి. మొదలయ్యాక ప్లగ్గుల జోలికి, కుళాయిల జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్, పిడుగు తెచ్చే వోల్టేజీని ఆపదు, దాని పని వేరు. ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ నుంచి వస్తువులను కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా ఎర్తింగ్ సరిగా లేకపోతే అది కూడా అలంకారమే. ఎర్తింగ్ చివరిసారి ఎప్పుడు చూపించారో గుర్తులేకపోతే ఎలక్ట్రీషియన్‌ను ఈ వారమే పిలవండి. సీజన్ మొదలయ్యాక దొరకరు.

ఇక ఇన్వర్టర్. అందులో ఎక్కువగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్తోఁ ప్లాంతే కనిపెట్టింది కూడా ఆ ఓడ బద్దలైన 1859లోనే. ఇన్నేళ్లయినా దాని స్వభావం మారలేదు. చార్జ్ అవుతున్నప్పుడు మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వదులుతుంది. అందుకే గాలి ఆడని అలమరలో పెట్టకూడదు, దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు కాదు. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంత పోసి, చార్జ్ అయ్యాక మిగతాది గుర్తు దాకా నింపాలి. టెర్మినళ్ల మీద తెల్లగా పొడి పేరుకుంటే ఇన్వర్టర్ ఆపి శుభ్రం చేయించండి. ఈ పనులు చేసేటప్పుడు కళ్లకు అద్దాలు, చేతులకు గ్లోవ్స్ ఉండాలి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ముందే లెక్కవేసి పెట్టుకుంటే ఆ రాత్రి ఆందోళన సగం తగ్గుతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది కాబట్టి 900 అనుకోండి. అందులో ఇన్వర్టర్ తినేది పోగా చేతికొచ్చేది సుమారు 750. పాత రకం సీలింగ్ ఫ్యాను 70 వాట్లు, రెండు ఎల్ఈడీ బల్బులు 18, రూటర్ 10, వెరసి దాదాపు వంద వాట్లు, అంటే ఏడెనిమిది గంటలు. అదే ఫ్యానును తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యానుతో మార్చితే అదే బ్యాటరీ మీద దాదాపు పదమూడు గంటలు వస్తుంది. ఇంకో బ్యాటరీ కొనేముందు ఫ్యాను మార్చమని అందుకే అందరికీ గట్టిగా చెబుతాను. వాడకం తగ్గించడం వల్ల వచ్చే గంటలు ఆ తర్వాత ప్రతి సీజనులోనూ వస్తాయి.

జనరేటర్ దగ్గర మాత్రం చాలా ఖచ్చితంగా ఉండాలి. అది వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. వానకు తడుస్తుందని జనరేటర్ని వరండాలోనో, మెట్ల కిందో, కారు షెడ్డులోనో పెట్టకండి. తలుపు తెరిచి ఉంచితే చాలనుకోవద్దు. ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ గొట్టం కిటికీలకు వ్యతిరేక దిశలో ఉండేలా, పైన మాత్రమే కప్పు ఉన్నచోట పెట్టాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వస్తే అలసట అనుకుని పడుకోబెట్టకండి. అందరినీ బయటికి తీసుకెళ్లి, అక్కడినుంచే సాయానికి ఫోను చేయండి. నిద్రలో ఉన్నవాళ్లకు ఈ లక్షణాలు తెలియను కూడా తెలియవు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటే పడకగది దగ్గర బిగించండి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకున్నా ఇదే ప్రమాదం.

జనరేటర్ తీగను గోడ సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించే పద్ధతి కొందరికి తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. మీ ఇంటి 230 వోల్టులు వెనక్కి వెళ్లి లైను మీద వేల వోల్టులవుతాయి. కరెంటు లేదనుకుని వానలో స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి అవి తగులుతాయి. లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా చూసే చేంజ్‌ఓవర్ స్విచ్ పెట్టించుకోండి, లేదా వస్తువులను నేరుగా జనరేటర్‌కే తగిలించండి. ఇంధనం పోసేముందు ఇంజన్ ఆపి చల్లారనివ్వాలి.

డాబా మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్, లైనులో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. అది లోపం కాదు, లైన్‌మన్ ప్రాణం కోసం చేసిన ఏర్పాటే. కరెంటు లేనప్పుడూ పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. ఇన్వర్టర్ ఆపినా వెలుతురున్నంతసేపు ప్యానెళ్ల తీగల్లో వోల్టేజీ ఉంటుంది కాబట్టి గాలికి ఊడిన ప్యానెల్‌ను మీరే ఎత్తి పెట్టబోకండి.

ఇంట్లోకి నీళ్లు వచ్చే సూచన ఉంటే, రాకముందే మెయిన్ ఆపండి. నీళ్లలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు. కొవ్వొత్తులకన్నా ఎల్ఈడీ టార్చి మేలు. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటలు, సగమే ఉంటే 24. సీసాల్లో నీళ్లు ముందే గడ్డకట్టించి పెట్టుకుంటే ఇంకాస్త ఆదుకుంటాయి. ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ మీద ఉన్నవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే అన్నింటికన్నా ముందు వాళ్ల ఏర్పాటు చూడండి. కరెంటు రెండు రోజులు రాకపోతే వాళ్లను ఎక్కడికి, ఏ వాహనంలో తీసుకెళ్తారో ఇప్పుడే తేల్చుకోండి.

ప్రయాణం వాయిదా వేసుకోగలిగితే వేసుకోండి. వాయిదా వేయలేనప్పుడు మొదటి నియమం, రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దాటకూడదు. ఒకసారి వాన రాత్రి బస్సులో వెళ్తుండగా వాగు మీద చప్టా దగ్గర డ్రైవర్ ఆపేశాడు. నీళ్లు చూడ్డానికి జానెడు లోతు కూడా లేవు. వెనకాల కొందరు గట్టిగా అరిచారు, ఒకాయన తానే నడుపుతానని ముందుకొచ్చాడు. డ్రైవర్ తాళం చెవి తీసి జేబులో వేసుకుని తెల్లారేదాకా కదల్లేదు. తెల్లారి నీళ్లు తగ్గాక చూస్తే చప్టా మధ్యలో ఒక పక్క కోసుకుపోయి ఉంది. పైనుంచి నీళ్లు ఎంత లోతో అంచనా వేయవచ్చేమోగానీ, కింద రోడ్డు ఉందో లేదో ఎవరికీ కనిపించదు. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే పెద్ద మనిషినైనా పడగొట్టగలవు, 30 ఉంటే చిన్న కార్లను, 60 ఉంటే చాలా వాహనాలను తీసుకుపోగలవు. కారు నీళ్లలో పడితే సీటు బెల్టు తీసి, కిటికీ దించి, వెంటనే బయటపడాలి. ఫోను చేయడం ఆ తర్వాత.

బయల్దేరేముందు ట్యాంకు నింపుకోండి. కరెంటు లేకపోతే పెట్రోలు బంకుల్లో పంపులూ నడవకపోవచ్చు. దారి మ్యాపు ఫోనులోకి దించి పెట్టుకోండి, కొంత నగదు ఉంచుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవర్ వెతుక్కుంటూ ఫోను బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. కాల్ కలవనప్పుడు ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఎక్కువ. విమానమెక్కేవాళ్లు పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టుకోవాలి. సాధారణంగా 100 వాట్ అవర్ల దాకా, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా ముందస్తు అనుమతి లేకుండా ఒప్పుకుంటారు. ఉబ్బిన పవర్ బ్యాంకును మాత్రం ఇంట్లో కూడా వాడకండి.

తెగిపడిన తీగ కనిపిస్తే పది మీటర్ల దూరం పాటించండి. నిప్పురవ్వలు రాకపోయినా దాన్లో కరెంటు ఉన్నట్టే అనుకోవాలి. తీగ చుట్టూ నేలలో వోల్టేజీ అడుగు అడుగుకూ మారుతుంది కాబట్టి పెద్ద అంగలు వేయకుండా, పాదాలు నేలకు ఆనించే, ఒకదానికొకటి తగిలేలా జరుపుకుంటూ దూరం వెళ్లాలి. కారు మీద పడితే లోపలే కూర్చుని సాయం కోసం పిలవాలి. మంటలు రేగి దిగక తప్పకపోతే రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, కారునూ నేలనూ ఒకేసారి తాకకుండా దూకాలి.

కరెంటు తిరిగొచ్చిన మొదటి నిమిషాల్లో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండవచ్చు. ఒక బల్బు వేసి పావుగంట చూడండి. స్థిరంగా ఉంటే ఒక్కో వస్తువు ఆన్ చేయండి, ఏసీ చివర్న. నీట మునిగిన మోటారు, సాకెట్, ఇన్వర్టర్ బయటికి ఆరినట్టున్నా ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకూడదు. వరద నీట మునిగిన ఎలక్ట్రిక్ వాహనాన్ని చార్జింగ్‌కు పెట్టకండి, ఇంటికీ ఇతర వాహనాలకూ దూరంగా ఆరుబయట ఉంచండి. 2022లో ఫ్లోరిడాలో ఇయన్ తుపాను తర్వాత ఉప్పునీట మునిగిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లు రోజుల తర్వాత కూడా అంటుకున్నాయి. కంపెనీ సర్వీసు వాళ్లు బ్యాటరీ చూసి చెప్పేదాకా స్కూటర్‌కైనా ఇదే వర్తిస్తుంది.