భౌతికశాస్త్ర హోంవర్కు, ప్రయోగ నివేదిక రాసే ముందు జాగ్రత్తలు

రాయడానికి కూర్చునే ముందు, ఏది కలిసి చేయవచ్చో, ఏది ఎవరికి వారే చేయాలో కోర్సు నియమాల్లో చదివి, సందేహముంటే అధ్యాపకులను అప్పుడే అడగాలి. గడువు దాటాక అడిగితే అది సంజాయిషీలా వినిపిస్తుంది.

లెక్కలను తోటివారితో చర్చించడాన్ని నియమాలు అనుమతిస్తే నిస్సంకోచంగా చర్చించండి. అయితే చర్చ ముగిశాక బోర్డు తుడిచేసి, కాగితాలు పక్కన పెట్టి, పరిష్కారాన్ని మొదటి నుంచి సొంతంగా రాయగలగాలి. స్నేహితుడు మరచిన రుణ గుర్తు మీ కాగితంలోనూ అదే వరుసలో మాయమైతే దిద్దేవారి కంట పడకపోదు.

కొలతల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మీటరు పొడవున్న లోలకం 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు తీసుకుంటుంది; మీ స్టాప్‌వాచీ 41.3 చూపితే 41.3 అనే రాసి, తేడాకు కారణం వెతకండి. గురుత్వ త్వరణం 9.8 రావాలని వెనక నుంచి లెక్కగట్టి అంకెలు సర్దడం కల్పన కిందికే వస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ వేర్వేరు ప్రయోగాలవని చూపిన గ్రాఫుల్లో ఒకే నాయిస్ (కొలతల్లో యాదృచ్ఛికంగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు) కనిపించింది. 2002లో విచారణ సంఘం ఆయన దత్తాంశాలను కల్పించినట్లు తేల్చింది.

జట్టుగా తీసుకున్న కొలతలైతే భాగస్వాముల పేర్లు రాయాలి. పూర్తయిన ఫైలును మాత్రం, ఎంత దగ్గరివారు అడిగినా, పంపకండి.