వెదురు బొంగులతో ఉండలు విసిరే యంత్రం

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్నవాళ్లు దీనికోసం పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. సంతలో తట్టలు, చేటలు అమ్మేవాళ్లని అడిగితే బొటనవేలి లావు వెదురు దొరుకుతుంది. ఒరియాలో ‘బాఉంశొ’ అంటే చాలు. మూడున్నర మీటర్లు తీసుకోండి. పంచర్లు వేసేచోట పాత సైకిలు ట్యూబు ఒకటి అడగండి. ఇవి కాక 3 మి.మీ. నైలాను తాడు నాలుగు మీటర్లు, సీసా మూత ఒకటి, కాస్త సన్న తీగ కావాలి.

వెదురు ఎండినదే కావాలి. పచ్చిది ఎండేకొద్దీ సన్నబడుతుంది, ఈ రోజు బిగించిన కట్టు పది రోజులకే వదులైపోతుంది. తట్టి చూసినప్పుడు తెల్లటి పొడి రాలితే లోపల పురుగు ఉన్నట్టే, ఆ బొంగు వద్దు.

కొలతలు ఇవి: 50 సెం.మీ. పొడుగు కర్రలు రెండు, 20 సెం.మీ. అడ్డకర్రలు నాలుగు, 24 సెం.మీ. నిలువు కర్రలు రెండు, 32 సెం.మీ. ఊతకర్రలు రెండు. ట్యూబుని నిలువునా కోసి, వేలెడు వెడల్పున మూడు పట్టీలు చెయ్యండి. ఒక్కో పట్టీని 40 సెం.మీ. ముక్కలుగా తెంపితే కట్లకి కావలసిన 14 ముక్కలూ వచ్చేస్తాయి. కట్టేటప్పుడు రబ్బరుని బాగా సాగదీసి చుట్టాలి, చివరి కొసని ముందు చుట్టు కిందికి దూర్చాలి. సాగదీయకుండా ఎన్ని చుట్లు చుట్టినా కర్రలు జారతాయి.

పొడుగు కర్రల మధ్య 12 సెం.మీ. ఖాళీ వదిలి, వెనక కొస నుంచి 3, 28, 42 సెం.మీ. దగ్గర కింది వైపున మూడు అడ్డకర్రలు కట్టండి. తర్వాత ఈ కర్రలకి చుట్టే తాడుని మెలితిప్పి పురి పెట్టినప్పుడు అది పొడుగు కర్రలు రెండింటినీ లోపలికి లాగుతుంది. అందుకే అడ్డకర్రల మీద కట్టు పడేచోట కత్తితో చిన్న గాట్లు పెట్టి, పొడుగు కర్ర ఆ గాట్లో కూర్చునేలా బిగించండి. చాలామంది ఈ గాట్లు వదిలేస్తారు. నాలుగు విసుర్లకే చట్రం వంకరపోయేది అందుకే.

నిలువు కర్రల్ని 27 సెం.మీ. దగ్గర బయటివైపు కట్టండి. వాటి పై కొసల నుంచి ఊతకర్రలు ముందుకి వాలుగా దిగి 47 సెం.మీ. దగ్గర ఆనాలి. నాలుగో అడ్డకర్ర ఆపుడు కర్ర, ఉండని విసిరే వెదురు బద్ద వచ్చి దీనికే తగిలి ఆగుతుంది. దాన్ని 18 సెం.మీ. ఎత్తున, నిలువు కర్రలకి వెనకవైపు కట్టండి. ముందువైపు కడితే దెబ్బంతా రబ్బరు మీదే పడుతుంది. వెనక ఉంటే నిలువు కర్రలే ఆ దెబ్బ కాస్తాయి.

ఇప్పుడు యంత్రానికి ప్రాణం లాంటి పురి. 35 సెం.మీ. దగ్గర నైలాను తాడుని రెండు పొడుగు కర్రల చుట్టూ 8 చుట్లు చుట్టి ముడి వెయ్యండి. నూలుతాడైతే తడికి బిగుసుకుని ఎండకి వదులవుతుంది, జనపనార పోగులు పోగులుగా తెగిపోతుంది. పూర్వం గ్రీకులు, రోమన్లు ఇదే పనికి జంతువుల స్నాయువులు (కండని ఎముకకి పట్టి ఉంచే నారలు), వెంట్రుకలు వాడేవారు. లాగితే సాగి, వదిలితే వెనక్కొచ్చే గుణమే అసలు సంగతి. చుట్ల మధ్య 10 సెం.మీ. పుల్ల దూర్చి, దాని పై కొస వెనక్కి పోయేలా ఆరేడు సార్లు తిప్పండి. దిశ మారితే బద్ద పైకి లేవాల్సింది పోయి నేలకి కొట్టుకుంటుంది. పుల్లని మధ్యలో వదిలితే వేళ్లు చితికిపోతాయి, మొహం దగ్గరగా పెట్టకండి. పిల్లలు చేస్తుంటే ఈ పని మాత్రం పెద్దవాళ్లే చెయ్యాలి.

విసిరే బద్ద 33 సెం.మీ. పొడవు, వేలెడు వెడల్పు ఉండాలి. ఆపుడు కర్ర తగిలేచోట కణుపు రాకుండా చూసుకోండి. పై కొసన మూతకి రెండు బెజ్జాలు చేసి తీగతో కట్టండి. పుల్ల పక్కనే బద్ద దూర్చి, గట్టిగా పట్టుకుని, అప్పుడు పుల్ల లాగెయ్యండి. బద్ద కింద 3 సెం.మీ. మిగలాలి. ఆపుడు కర్రకి ట్యూబు ముక్క చుట్టకపోతే బద్ద సరిగ్గా అక్కడే విరుగుతుంది.

మూతలో ఉండ పెట్టి, బద్దని వెనక్కి లాగి వదలండి. ఉండ పోయే దారి బద్ద ఎక్కడ ఆగిందన్న దాన్నిబట్టి ఉంటుంది. నిట్టనిలువుగా ఆగితే ఉండ అడ్డంగా దూసుకుపోయి త్వరగా నేల తాకుతుంది. పైన చెప్పిన కొలతలకి బద్ద కాస్త వెనక్కి వాలి ఉండగానే ఆగుతుంది, ఉండ లేచి వెళ్తుంది. ఇంకా ఎత్తుకి లేవాలంటే ఆపుడు కర్రని 14 సెం.మీ.కి దించండి. మరీ దించితే బద్దకి ఊపు అందుకునే చోటు చాలదు. దూరం తగ్గింది కదా అని ముందే పురి పెంచెయ్యకండి, మొదట కట్లు చూడండి. వదులైన చట్రం సగం బలాన్ని తానే మింగేస్తుంది.

విసరడానికి గుడ్డ ఉండలు, నలిపిన కాగితం వాడండి. రాళ్లు, గోళీలు వద్దు, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఆట అయ్యాక బద్ద తీసి, పుల్ల పెట్టి పురి విప్పెయ్యండి. రాత్రంతా బిగించి ఉంచితే తాడు సాగిపోయి, మర్నాడు అన్నే చుట్లు తిప్పినా ఆ ఊపు రాదు.